కొమ్ముల తొండ చేసిన తొండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ప్రతి చిన్న బాధ్యతా కొండంత కనిపిస్తుంది. అప్పట్లో నేను న్యూమెక్సికోలో, ఎత్తయిన ఎడారి మీది ఒక ఊళ్ళో, ఓ తెలుగు ఆంటీ ఇంట్లో అద్దెకుండేదాన్ని. (కాకినాడ ఉప్పుగాలికి అలవాటుపడ్డ నా పెదవులు అక్కడికెళ్ళిన వారంలోనే బీటలువారాయి.) కూతురి పురిటికి ఆమె ఉండే ప్లేనో వెళుతూ ఆంటీ తన కుక్క లడ్డూని నాకు అప్పగించింది. "వాడికేమైనా అయితే నేను బతకను తల్లీ!" అంది. నాకు కుక్కలంటే భయమని చెప్పడానికి సందు దొరకలేదు.

నాలుగోనాడు పొద్దున్నే ఇంటి వెనక పొదల్లో నడుస్తుంటే లడ్డూ ఒక పొద కింద మూతి పెట్టి దేన్నో కరుచుకుంది. మరుక్షణం దాన్ని ఉమ్మేసి, తల విదిలిస్తూ నా మీదకు దూకింది. మూతినిండా, కళ్ళచుట్టూ రక్తం! నోట్లోంచి నురగ! గులకరాళ్ళ మధ్య ఒంటినిండా ముళ్ళతో అరచేతిలో పట్టేంత తొండ ఒకటి నేలకు అతుక్కుని ఉంది గానీ, దాన్నెవరు లెక్కచేస్తారు? పామే కరిచిందని తీర్మానించుకున్నాను. ముట్టుకోవడానికే జంకే నేను, ఆ కుక్కను పసిపిల్లలా ఎత్తుకుని కారుదాకా పరిగెత్తాను. ఫోన్ స్పీకర్లో మా ఆఫీసు అక్క (వరంగల్ మనిషి, గుండె ధైర్యం జాస్తి) "ఏడ్వకే! ముందుగల సిగ్నల్ చూస్కో, సక్కగ డ్రైవ్ చెయ్యి!" అని అరుస్తోంది. వెనక సీట్లో లడ్డూ మూలిగితే నా ప్రాణం పోతోంది, మూలగకపోతే ఇంకా పోతోంది.

ఆసుపత్రిలో డాక్టరు లడ్డూని లోపలికి తీసుకెళ్ళగానే ఆంటీ వీడియో కాల్. కట్ చేయబోయి, పొరపాటున ఎత్తేశాను. రక్తపు మరకలైన నా చొక్కా చూసి ఆవిడ కెవ్వుమంది.

"అయ్యో, నీకేమైంది తల్లీ?"

"ఆంటీ, లడ్డూకి..."

"కుక్క సంగతి తర్వాత! నీకు దెబ్బెక్కడ తగిలిందో ముందు చెప్పు!"

నేను భోరుమన్నాను. అప్పుడే తలుపు తెరుచుకుని, కడిగిన మొహంతో తోకాడిస్తూ లడ్డూ వచ్చింది. "ఒక్క గీత కూడా పడలేదు" అన్నాడు డాక్టరు నవ్వాపుకుంటూ. "ఇది కొమ్ముల తొండ రక్తం. కుక్క పట్టుకుంటే అది తన కళ్ళలోంచి చిమ్ముతుంది. ఆ రుచికి కుక్క వదిలేస్తుంది."

సంగతి విన్న అక్క, "తొండ మస్తు తొండి చేసింది గదనే!" అని పడీపడీ నవ్వింది. ప్లేనోలో బాలింతరాలు కూడా నవ్విందట, కుట్లు పట్టుకుని.

ఇప్పుడు నాకూ ఓ కుక్క ఉంది. రక్తపు చొక్కాతో ఎడారిలో పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తే, "ముందు మూతి తుడిచి చూడొచ్చుగా, పిచ్చిదానా" అందామనిపిస్తుంది. కానీ అంత బరువు కుక్కను ఎత్తుకుని పరిగెత్తమంటే, ఇవాళ నా వల్ల కాదు.