బుచ్చన్న దుకాణంలో ఊదారంగు సైకిల్

బాన్సువాడ బస్టాండు వెనక సందులో బుచ్చన్న సైకిల్ దుకాణం ఉండేది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి ఆ ఊరికి వచ్చిన 2003 నాటికే దానికి ఇరవై ఏళ్లు. బుచ్చన్న తండ్రి బిచ్కుంద దగ్గర చెరుకు తోటల్లో కూలి. బుచ్చన్న బోధన్‌లో పని నేర్చుకుని వచ్చి ఇక్కడ రేకులు వేసుకున్నాడు. తొంభైలలో అతని దగ్గర పద్దెనిమిది కిరాయి సైకిళ్లుండేవట. గంటకని తీసుకెళ్లినవాళ్లు పిట్లం దాకా పోయి మర్నాడు తెచ్చినా ఊరుకునేవాడు కానీ, బురదతో తెస్తే మాత్రం సందంతా వినపడేలా తిట్టేవాడని అతని భార్య చిన్నవ్వ చెప్పేది. మోటారు సైకిళ్లు వచ్చాక కిరాయివి నాలుగే మిగిలాయి. వాటిని కూడా రోజూ తుడిచేవాడు.

నా లేడీస్ సైకిల్‌కు ముందు భాగంలో మా పాప పల్లవి కూర్చునే చిన్న సీటు బిగించింది అతనే. అప్పటికి పల్లవికి ఏడాదిన్నర. ఆ సీటు ఊడిపోతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. వారానికోసారి వెళ్లి బోల్టులు చూపించుకునేదాన్ని.

"మేడం, గా బోల్టు మీ బిడ్డ పెండ్లి దాక ఊడది. గప్పుడు గుడ నన్ను పిలువుండ్రి, నేనే ఊడదీస్త."

"నవ్వకు బుచ్చన్నా. ఒక్కసారి తిప్పి చూడు."

తిప్పి చూసేవాడు. ఒక్కనాడు కూడా చూసినట్టు నటించి పంపలేదు.

2004 దసరాకు పది రోజుల ముందు, హరనాథబాబు అనే ఆయన హైదరాబాదు నుంచి నాందేడ్‌కు సైకిల్ మీద బయల్దేరి, బాన్సువాడ చేరేసరికి జ్వరంతో కూలబడ్డాడు. రెండు రోజులు దవాఖానలో ఉండి బస్సులో వెనక్కి వెళ్తూ, సైకిల్‌ను బుచ్చన్నకు అప్పగించాడు. జర్మనీలో ఉద్యోగం చేసినప్పుడు కొనుక్కున్న సైకిల్ అది. ఫ్రేము టైటానియం. రెండు వేళ్లతో ఎత్తవచ్చు. పెయింట్ లేదు, లోహమే ఊదాగా మెరిసేది. పక్కకు జరిగి చూస్తే నీలం.

"నా ప్రాణం లెక్క చూసుకో" అన్నాడట ఆయన.

"మీ ప్రాణం మీరే చూసుకోండ్రి సారూ, సైకిల్ నేను చూస్త" అన్నాడట బుచ్చన్న.

బుచ్చన్నకొక పద్ధతి ఉంది. దసరా నాడూ దీపావళి నాడూ దుకాణంలో ఏ సైకిల్ ఉన్నా, తనదైనా రిపేరుకు వచ్చినదైనా, కిరసనాయిల్లో మిషన్ నూనె కలిపి తుడిచి, పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వెయ్యాల్సిందే. ఒక్కదాన్ని విడిచిపెడితే అది అలిగి ఏడాదంతా పంక్చర్లే ఇస్తుందట. హరనాథబాబు సైకిల్ చుట్టం లాంటిది కదా అని దానికి నూనె రెండుసార్లు ఎక్కువే పట్టించాడు.

పండగైన వారానికి నేను పల్లవిని సీట్లో కూర్చోబెట్టుకుని బోల్టుల కోసం వెళ్లాను. బుచ్చన్న తల పట్టుకుని కూర్చున్నాడు. ముందర ఆ సైకిల్, పక్కన నీలం పెయింట్ డబ్బా, చేతిలో గరుకు కాగితం. ఫ్రేము చూసి నేను గుర్తుపట్టలేదు. ఊదా లేదు, నీలం లేదు. పాత ఇత్తడి చెంబులా మడ్డిగా, గోధుమ రంగులో ఉంది.

"రంగు సచ్చిపోయింది మేడం. పండుగ నాడే జర మారింది. ఆరినంక వస్తదనుకున్న. రాలె. రేపు పొద్దుగాల సారు వస్తుండు, ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసిండు."

"రుద్ది రంగేస్తడట" అంది చిన్నవ్వ. "గాయన గుర్తుపట్టడా? గుడ్డోడా?"

"మరేం జెయ్యాలె? ఇరవై ఏండ్లల్ల ఒక్కని సామాన్ గుడ ఖరాబ్ చెయ్యలె నేను."

నేను ఆ కాగితం లాక్కున్నాను. "రుద్దకు బుచ్చన్నా! రుద్దితే ఇగ రాదు."

ఆ రంగు పైన పూసింది కాదని చెప్పాను. కరెంటుతో లోహం మీద చాలా పలచని పొర ఒకటి పుట్టిస్తారు. పల్లవి ఊదే సబ్బు బుడగ మీద రంగులు కనపడినట్టే, ఆ పొర మీద పడిన వెలుగే ఊదాగా కనపడుతుంది. దానిమీద నూనె పేరుకుంటే వెలుగు దారి మారుతుంది. నూనె పోతే రంగు రావాలి.

"రావాల్నా, వస్తదా?"

నాకు తెలియదు. పుస్తకంలో చదివానే కానీ అలాంటి ఫ్రేమును ముట్టుకున్నది కూడా లేదు. పసుపు ఏం చేసిందో చెప్పలేను. నేను చెప్పింది తప్పయితే రేపు మాట పడేది అతను. "వస్తుందనుకుంటున్న" అన్నాను.

బుచ్చన్న సైకిల్‌ను తలకిందులు చేశాడు. "ఎవనికీ కనబడని కాడ చూద్దాం ముందుగాల." పెడళ్ల కింద అరచేయంత జాగా చూపించాడు. నా సంచిలో పల్లవి స్నానపు సబ్బు, మెత్తబడిన పాత గుడ్డలు ఎప్పుడూ ఉండేవి. గోరువెచ్చని నీళ్లలో సబ్బు కలిపి తుడిచాడు. గుడ్డ పసుపైంది. ఫ్రేము మాత్రం కొంచెం తేటపడి ఆగిపోయింది.

"సచ్చిందే" అన్నాడు.

కిరసనాయిలుతో కలిసిన నూనె, ఎండకు జిగురులా పట్టిందేమోనని తోచింది. ఎదురుగా ఉన్న మందుల షాపులో స్పిరిట్ సీసా కొనుక్కొచ్చాను. పొడి గుడ్డకు నాలుగు చుక్కలు వేసి, నొక్కకుండా రాశాడు.

గోరంత ఊదా బయటపడింది.

బుచ్చన్న మళ్లీ రాశాడు. గోరంతది రూపాయి బిళ్లంతయింది. చిన్నవ్వ పల్లవిని చంకనెత్తుకుని "సూడే బిడ్డా, నేరేడుపండు!" అంది. సాయంత్రం దాకా సబ్బునీళ్లు, స్పిరిట్, మళ్లీ మంచినీళ్లు, పొడిగుడ్డ. అతుకుల సందుల్లోకి గుడ్డ కొసను పురిపెట్టి దూర్చాడు. చివర్లో వేలిముద్ర పడకుండా చక్రాలు మాత్రమే పట్టుకుని గోడకు ఆనించాడు. అప్పుడు పీట మీద కూలబడి, "చాయ్ తేయే" అన్నాడు. మధ్యాహ్నం తిండి తినలేదని అతనికప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు హరనాథబాబు సైకిల్ వైపు చూడకముందే బుచ్చన్న అంతా చెప్పేశాడు. నూనె, పసుపు, గరుకు కాగితం, ఏదీ దాచలేదు. ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"నా చేతుల జిడ్డంతా పోయింది. కొన్నప్పుడు ఇట్లుండె" అన్నాడు. "డాక్టరు ఇంకా తొక్కొద్దంటుండు. ఇంకో నెల ఉంచుకుంటవా?"

"ఇంకో నెలనా?" అన్న బుచ్చన్న మొహం చూసి చిన్నవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఉంచుకుంట సారూ. గని దీపావళి నాడు దీన్ని ఇంట్ల పెట్టి తాళమేస్త. నా మీద నాకే నమ్మకం లేదు."