ఊ కొట్టే కోడలు

ముందుగదిలో కాళ్ళు కుట్టుమిషను తొక్కుతుంటాయి, చేతులు గుడ్డను జరుపుతుంటాయి. చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోనులో చెల్లెలు, లోపలి గదిలో మంచం మీద అత్తగారు, ఇద్దరూ చెప్పుకుపోతుంటారు. జాకెట్లు కుట్టే ఆ కోడలు ఎవరినీ నొప్పించదు. పెదవుల మధ్య గుండుసూదులుంటాయి కాబట్టి అందరికీ ఒకటే జవాబు, "ఊఁ". కుట్టు వెంట్రుకవాసి కూడా వంకర పోదు. విన్నదాంట్లో ఒక్క ముక్క చెప్పమంటే మాత్రం చెప్పలేదు. "ఇన్ని పనులు ఒక్కసారే ఎలా చేస్తావమ్మా?" అని ఎవరైనా ముచ్చటపడితే దానికీ ఊ కొట్టి ఊరుకుంటుంది.

ఆ మధ్యాహ్నం చెల్లెలు ఫోను పెట్టేశాక, సూదులు తీసి పక్కన పెట్టి, మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసెత్తి నోట్లో పోసుకుంటుండగా అత్తగారి గొంతు వినిపించింది.

"మీ మావయ్య పోయిన రోజు సంగతి చెబుతున్నా. వింటున్నావా అమ్మాయ్?"

నోటినిండా నీళ్ళు. మింగి పలికేలోపే ముందుగదిలోంచి జవాబొచ్చింది.

"ఊఁ."

అది తన గొంతే. దాని వెనకే మిషను చప్పుడు, అచ్చం తను తొక్కే తీరులోనే.

"నేనిక్కడున్నానత్తయ్యా, వంటింట్లో" అంది, నీళ్ళు మింగేసి.

అత్తగారు చెప్పడం ఆపి, ముందుగది వైపు తిరిగి అడిగింది.

"వంటింట్లో ఎవరే అమ్మాయ్, మధ్యలో మాట్లాడేది?"