కట్లపాము మీద గంగక్క పగ

పాములు పగబడతాయని లోకం చెప్పుకుంటుంది. డోన్ దగ్గర ఆ పల్లెలో మాత్రం పాముల మీద పగబట్టింది ఒక మనిషి. ఆమె పేరు గంగక్క.

ఆమె మొగుడు ఓబులేష్ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వానాకాలంలో ఒకనాడు తెల్లవారుజామున చాప మీంచి లేచి, కడుపులో నొప్పిగా ఉందన్నాడు. రాత్రి తిన్న బజ్జీలు పడలేదనుకుని గంగక్క వాము నలిపి నీళ్లలో కలిపి ఇచ్చింది. కాసేపటికి అతని రెప్పలు వాలిపోయాయి. నిద్ర చాలలేదేమో, పండుకోనీ అనుకుంది. మాట ముద్దముద్దగా వచ్చేసరికి భయపడి ఆటో పిలిపించింది. ఆసుపత్రి చేరకముందే ఆమె ఒళ్లోనే అతని ఊపిరి ఆగిపోయింది.

"పాము కాటమ్మా" అన్నాడు డాక్టరు.

గంగక్క నమ్మలేదు. "నేను పక్కనే పండుకోనుంటి సార్. పాము యాడిది?"

కాటు గుర్తు కూడా సరిగా కనిపించలేదు. ఏ పామో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే కోపానికి ఒక రూపు ఉండేది. చూడలేదు కాబట్టి ఆ కోపం పాముజాతి మొత్తం మీదికి మళ్లింది.

కర్మాంతరం అయిన మర్నాడే వేపకర్ర ఒకటి చెక్కించుకుంది. కల్లంలో, గడ్డివాములో, ఎవరి దొడ్లో పాము కనిపించినా గంగక్కకు కబురొచ్చేది. చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తేది. ఏం పామని ఎవరైనా అడిగితే, "పామే. ఏదైతేనేం?" అనేది. చచ్చినదాన్ని కర్రకు వేసుకుని వీధంతా నడిచి, ఊరి బయట కాల్చి వచ్చేది. ఆ పూట మాత్రం కడుపునిండా తినేది.

పక్కింటి వెంకటలక్ష్మమ్మ శెనక్కాయల కొట్టంలో ఏళ్లుగా తిరుగుతున్న పెద్ద జెర్రిపోతును కూడా అలాగే చంపింది. మరుసటి పంటకల్లా ఆ కొట్టం ఎలుకల పాలైంది. గోడ కింద పందికొక్కులు బొరియలు తవ్వి మూటలన్నీ కొరికిపెట్టాయి.

"నీ పుణ్యమే గంగా! అది ఉన్నన్నాళ్లు ఒక్క ఎలుక ల్యాకపాయె" అని వెంకటలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి అరిచింది.

"ఎలుకలు నా మొగుణ్ణి తిన్ల్యా అత్తా!" అంది గంగక్క, అంతే గట్టిగా.

ఇక లాభం లేదని, ఆ తర్వాత కొట్టంలో మళ్లీ పాము కనిపించినప్పుడు వెంకటలక్ష్మమ్మ గంగక్కను పిలవలేదు. డోన్‌లోని బైకు మెకానిక్ షబ్బీర్‌కు ఫోన్ చేసింది. అతను పాముల్ని పట్టి కొండల్లో వదిలి వస్తాడు. అతను వచ్చేసరికే గంగక్క కర్రతో గుమ్మంలో నిలబడి ఉంది.

షబ్బీర్ ఆమెతో వాదించలేదు. "అక్కా, మీ ఆయనకు కాటు పడినకాడ వాచిండెనా?" అని అడిగాడు.

"ల్యా."

"రెప్పలు?"

"వాలిపాయె. నిద్రనుకుంటి."

"కడుపు నొప్పన్నాడా?"

గంగక్క కర్ర దించింది. "నీకెవరు చెప్పినారప్పా?"

"అది కట్లపామక్కా. నల్లగా నిగనిగలాడతాంటాది. ఒంటి మీద సన్నగా తెల్లకట్లు. రాత్రిళ్లు నేల మీద పండుకున్నోళ్ల దగ్గరికొస్తాది. కరిచినా శానామందికి తెలీదు. పగలు రాళ్ల సందుల్లో ముడుచుకోనుంటాది. నువ్వు చంపిన జెర్రిపోతులకు విషమే ల్యా."

ఆ మాటలతో ఆమె చల్లబడుతుందనుకుని, కొట్టంలో పామును పట్టుకుని వెళ్లిపోయాడు షబ్బీర్. చల్లబడలేదు. ఊరంతా పరుచుకున్న మంట ఒక్కచోటికి చేరి సూదిమొనలా అయింది. అప్పటినుంచి జెర్రిపోతు ఎదురైతే పక్కకు తప్పుకుంది. తెల్లకట్ల కోసం మాత్రం ఒక్క రాయినీ వదల్లేదు.

చివరికి అది తన దొడ్లోనే దొరికింది. ఇంట్లో పరచాలని ఓబులేష్ తెచ్చి గోడవారన పేర్చిన నాపరాళ్లు అలాగే పడి ఉన్నాయి. ఎండ నడినెత్తికొచ్చిన వేళ గడ్డపారతో అడుగురాయి లేపింది. కింద నల్లగా, చుట్టలు చుట్టుకుని ఉంది.

అది పడగ ఎత్తుతుందని, తనను చూస్తుందని, అప్పుడు కొట్టాలని ఎన్నోసార్లు అనుకుంది. కట్లపాముకు పడగే లేదని అప్పుడే తెలిసింది. అది తలను చుట్టల కింద దాచుకుంది.

"తలెత్తు! మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఎత్తింటివే, ఇప్పుడెత్తు!"

అది ఇంకా ముడుచుకుంది. గంగక్క కొట్టింది. చచ్చాక కూడా కొట్టింది. వెంకటలక్ష్మమ్మ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

"ఫోన్ చేసింటే పట్టుకపోతాంటి కదక్కా" అన్నాడు, సంగతి తెలిసి సాయంత్రం వచ్చిన షబ్బీర్.

"అందుకే చెయ్యలే. ఇదేనంటావా?"

"ఎట్ల తెలుస్తాదక్కా?"

ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. పగ తీరిన తృప్తి కోసం రెండు మూడు రోజులు ఎదురుచూసింది. రాలేదు.

తర్వాతి వానాకాలం ఒక పొద్దున వెంకటలక్ష్మమ్మ కోడలు నాగజ్యోతి కడుపునొప్పని మూలుగుతోంది. ఇంట్లో వాళ్లు సోడా తెప్పిస్తున్నారు. మూలుగు విని వచ్చిన గంగక్క ఆ పిల్ల ముఖం చూసింది. రెప్పలు సగానికి దిగి ఉన్నాయి.

"సోడా కాదు, ఆటో పిలువు! కట్లపాము కరిచింది!"

ఎవరి జవాబూ వినకుండా పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆసుపత్రిలో మందు ఎక్కించారు, ఊపిరికి యంత్రం పెట్టారు. మూడోనాడు నాగజ్యోతి కళ్లు తెరిచి నీళ్లడిగింది.

వెంకటలక్ష్మమ్మ గంగక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. "నా కోడల్ని బతికిస్తివే తల్లీ."

"దాని నోట్లో నుంచి పెరుక్కొచ్చినా అత్తా" అంది గంగక్క. ఓబులేష్ పోయాక ఆమె నవ్వడం వెంకటలక్ష్మమ్మ చూడటం అదే మొదలు. ఆ నవ్వు చూస్తే కొంచెం భయం కూడా వేసింది.

ఊరికి తిరిగొచ్చిన గంగక్క తన ఇంటికి పోలేదు. నేరుగా వెంకటలక్ష్మమ్మ దొడ్లోకి పోయి, కొంగు నడుముకు బిగించి, కట్టెలకుప్పను ఒక్కో కట్టె తీసి పక్కన పడేయసాగింది.