లూపు ఏ చేతికి తొడగాలి?

నన్ను గద్దించేటప్పుడు కూడా నవ్విస్తూ గద్దించిన నా దేవునికి స్తోత్రం. ఆయన మొదట నా గర్వాన్ని పట్టుకుని, ఆ తర్వాత నన్ను పట్టుకున్నాడు. ఆ వరుస తప్పి ఉంటే నేను దొరికేదాన్ని కాదు.

ఆ రోజుల్లో వినయం గురించి మా బోధన్ ఊళ్లో నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. నాకు పదిహేడేళ్లు, మా సంఘంలో ఆడపిల్లల తరగతికి కార్యదర్శిని. ప్రతి ఆదివారం చర్చిలోని నల్లబల్ల మీద ఆ వారపు వాక్యం రాసేది నేనే. నా అక్షరాలు బూందీ లడ్డూల్లా గుండ్రంగా ఉండేవి (ఆ పోలిక నాదే, ఇంకెవరూ పోల్చకపోయేసరికి). రాశాక నాలుగడుగులు వెనక్కి వేసి, దేవుని మాటను కాక నా రాతను చూసి మురిసిపోయేదాన్ని. ఎవరైనా వాక్యం అప్పజెబుతూ తడబడితే నాకు పండుగ. ఎక్కువగా నా నోట పడేది ఊరి చివర పసుపు పండించే ఇంటి పిల్ల. కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసీ ఆరబోసీ ఆమె అరచేతుల పసుపు ఎంత రుద్దినా పోయేది కాదు. ఆమెకు ‘పసుపుకొమ్ము’ అని పేరు పెట్టింది నేనే. ఆమె ముట్టిన పాటల పుస్తకం నాకొద్దని అందరి ముందూ అనేదాన్ని.

లూపు కొత్తగా వచ్చిన కాలం అది. మా సంఘంలోనే ఒక నర్సు ఉండేది, అందరికీ నర్సక్క. పెళ్లీడుకొస్తున్న ఆడపిల్లలకు కుటుంబ నియంత్రణ గురించి చెబుతానని ఆమె పాస్టరయ్యను అడిగింది. ఆయన ప్రార్థన చేసి, ఒప్పుకొని, సరిగ్గా ఆ మధ్యాహ్నమే చందూరులో పని ఉందని వెళ్లిపోయాడు. బయట చెరకు బండ్ల బారు, చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన; లోపల చాపల మీద తలలు వంచుకొని మేము. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఎందుకుండాలో, దానికి లూపుతో సహా ఏ సాధనాలున్నాయో నర్సక్క సూటిగా చెప్పింది. సందేహాలు అడగమంటే ఒకరి వీపు వెనక ఒకరం దాక్కున్నాం. “నోటితోని అడగనీకి సిగ్గయితే కాయిదం మీద రాయుండ్రి. పేరు వద్దు,” అని కానుకల సంచి తిప్పింది.

పసుపుకొమ్ము చీటీ మీద పసుపు వేలిముద్రలుంటాయి, అది దొరికితే ఆరు నెలలు నవ్వించవచ్చని నేను సంబరపడ్డాను. అన్నీ తెలిసినట్టు కూర్చున్న నాకూ ఒక సందేహం ఉంది. పేరు అక్కర్లేదు కదా అని గీత తప్పకుండా, ముచ్చటగా రాసి సంచిలో వేశాను.

నర్సక్క మూడో చీటీ విప్పి చదివింది: “లూపును ఎడమ చేతికి తొడుక్కోవాలా, కుడి చేతికా? మన సంఘంలో నగలు పెట్టుకోకూడదు కదా, ఆరాధనకు తీసేసి రావచ్చా?” (అది గర్భసంచిలో అమర్చేదని ఆమె చెప్పినప్పుడు నేను జడ సరిచేసుకుంటున్నాను.)

చాపలన్నీ ఘొల్లుమన్నాయి. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. అంతలో ముందు వరుస పిల్ల చీటీలోకి తొంగి చూసి, కళ్లు చిన్నవి చేసి, మెల్లగా నల్లబల్ల వైపు తల తిప్పసాగింది. అక్కడ పొద్దున నేను రాసిన వాక్యం, అవే లడ్డూలు. నా కార్యదర్శి పదవి, పరువు అన్నీ ఆ తల చివరిదాకా తిరగకపోవడం మీదే ఉన్నాయి. ప్రభువా, పైకప్పు కూలనియ్యి అని ప్రార్థించాను.

పైకప్పు కూలలేదు. వెనక నుంచి ఒక పసుపు చేయి లేచింది. “గది నేనే రాసిన అక్కా. తెల్వక అడిగిన.”

అందరి తలలూ, నవ్వులూ అటు మళ్లాయి. నర్సక్క మరక లేని చీటీని చూసింది, ఆ చేతిని చూసింది, చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. లూపు సంగతి మళ్లీ మొదటి నుంచి, ఈసారి నా వైపే చూస్తూ చెప్పింది. వెళ్లేటప్పుడు గడప దగ్గర నన్నాపి, “ఇంకొకల్ని తక్కువ చేస్తెనే నీకు నువ్వు పెద్దగ కనిపిస్తవా బిడ్డా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సైకిలెక్కింది.

బండ్ల మధ్య పరుగెత్తి పసుపు పిల్లను పట్టుకొని, ఎందుకలా చెప్పావని అడిగాను.

“నన్ను చూసి రోజు నవ్వుతరు, నాకలవాటే. నీకు అలవాటు లేదు గద, తట్టుకోవు అనుకున్న,” అంది. నేను ఏడవబోతుంటే, “గని నిజంగనే చేతికనుకున్నవానే?” అని అడిగింది. చెరకు బండ్లవాళ్లు వింతగా చూస్తుండగా ఇద్దరం కడుపులు పట్టుకొని నవ్వాము. మరుసటి ఆదివారం సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాను. వాక్యం వంకర పోయింది, సుద్ద పసుపైంది.

ఇప్పుడు వయసు మీదపడి నా అక్షరాలూ వంకర పోతున్నాయి. నేను రాసిన వాక్యం చూసి చర్చి పిల్లలు “గిదెవరు రాసిన్రు?” అని నవ్వుకుంటే వెంటనే చేయెత్తుతాను. ఆ రోజే ఎత్తవలసిన చేయి, కొంచెం ఆలస్యమైంది. మీరూ నాతో ఒక్క క్షణం తల వంచండి: ప్రభువా, మా పేరు లేని చీటీలన్నీ నీకు తెలుసు. మా బదులు చేయెత్తినవాళ్లను దీవించు. (మా పసుపు పిల్ల మోకాళ్ల నొప్పులు కూడా తగ్గించు.) ఆమేన్.