కొండపల్లి కొండెక్కడానికి మూడు దారులు, దిగడానికి ఒక్కటే

కాలవ గట్టెక్కితేనే ఆయాసపడే జాతి మాది. అలాంటివాళ్ళకు కొండలెక్కే సరదా ఎందుకో మరి. డెబ్బై నాలుగు జనవరిలో ఒక ఆదివారం, పొద్దున ఆరుంబావు ప్యాసింజరుకు బెజవాడలో ముగ్గురం ఎక్కాం. నేను భవానీపురంలో జాగ్రఫీ మాస్టర్ని. రెండోవారు రిటైరైన మా హెడ్మాస్టరు పరబ్రహ్మం గారు, కోట చూడాలన్న కోరిక ఆయనది. మూడోవాడు మా అక్క మొగుడు నాంచారయ్య. కొల్లేటి లంకలో చేపలు పట్టే మనిషి, వల నూలు కోసం బెజవాడ వచ్చి మా ఇంట్లో దిగాడు.

"కొండని దూరాన్నించి చూట్టమేగానీ ఎక్కింది లేదు. నేనూ వత్తా" అన్నాడు. సరే రమ్మన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

పెట్టెలో పాలక్యాన్ల మధ్య నిలబడ్డాం. కిటికీల్లోంచి చలి కొరికేస్తోంది. తలకు మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన మా వాలకం చూసి అడిగాడు. "కోటకాండీ? చలికాలమే నయం, పాముల భయం తక్కువ. కాకపోతే పొద్దు తొరగా గూకుద్ది. నాలుగింటికల్లా కిందుండండి."

ఏడింటికి కొండపల్లిలో దిగి, స్టేషను బయట పాక హోటల్లో ఇడ్లీ తిన్నాం. పైకి మూడు దారులు. ఊళ్ళోంచి రాళ్ళు పరిచిన దారి పిల్లలకీ పెద్దలకీ, నింపాదిగా గంటన్నర. అడవి వెంట మేకల బాట ఒంట్లో ఓపికున్నవాళ్ళకి. వెనకవైపు బండల దారి గట్టివాళ్ళకి, అక్కడ చేతులతో కూడా పని. ఎవరికే దారో పెద్ద జడ్జీలా నేనే తీర్పు చెప్పాను. హెడ్మాస్టరుగారికి మొదటిది, ఎలాగూ ఆ దారిలో జనం ఉంటారు. నాకూ బావకూ బండల దారి. నడుం లోతు బురదలో రోజంతా తిరిగే కాళ్ళు బావవి. ఆ పిక్కలు చూసి మురిసిపోయాను.

నిజంగానే చెప్పుల్లేకుండా నాకంటే ముందెక్కాడు. రెండుచోట్ల నన్ను చెయ్యి పట్టి లాగాడు. "ఏందిరా మాస్టారూ, సుద్దముక్క పట్టుకున్నంత తేలిక్కాదా?" అని ఒకటే నవ్వు. పదింటికి పైన ఉన్నాం. కూలిన గోడలు, గబ్బిలాల కంపు, చెవులు బిగుసుకుపోయే గాలి. అంతకుమించి చూడ్డానికేమీ లేదు. హెడ్మాస్టరుగారు వచ్చేసరికి ఆయన మోకాలు వాచిపోయింది.

పులిహోర తిని ఒంటిగంటన్నరకు రాళ్ళదారిన దిగడం మొదలుపెట్టాం. హెడ్మాస్టరుగారు రెండడుగులకోసారి కూర్చుంటున్నారు. బావకు కాలు నిలవడం లేదు. మర్నాడు పొద్దున్నే వల వెయ్యాలి, సాయంత్రం బండికి కైకలూరు చేరాలని తొందర. ఆ వారం ముసురు పట్టడంతో దారి పక్కనే సన్నటి వాగొకటి పారుతోంది.

"ఈ నీటెంబడి దిగిపోతే ఊరొచ్చేసుద్ది కదరా?" అన్నాడు.

మా వైపు అంతే. దారి తప్పినవాడు కాలవ పట్టుకుని నడిస్తే ఎక్కడో ఒకచోట ఊరు తగలాల్సిందే. నేనూ ఆ లంకలో పుట్టినవాణ్ణేనాయె. నీరు కొండ మీద ఎలా దిగుతుందో పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాణ్ణి, ఆ క్షణాన ఒక్క ముక్క గుర్తురాలేదు. "భేషుగ్గా వస్తుంది బావా, స్టేషన్లో కూర్చో" అన్నాను.

మూడున్నరకు మేమిద్దరం చేరేసరికి స్టేషన్లో బావ లేడు. నాలుగుంబావు బండి వచ్చింది, వెళ్ళిపోయింది. హెడ్మాస్టరుగారిని అక్కడే కూర్చోబెట్టి వెనక్కి పరుగెత్తాను. ఊరి చివర మేకలు తోలుకొస్తున్న ఒకావిడ ఎదురైంది.

"పంచె కట్టుకున్నాయన మీ మనిసేనా అయ్యగారూ? వాగులో పడి అరుత్తన్నాడు. అక్కడ మా మేకలు గూడా దిగవండీ."

పైనుంచి వచ్చిన నీళ్ళు అక్కడ రెండు నిలువుల కిందికి దూకుతున్నాయి. పాచి మీద కాలు జారి బావ బండల్లో పడ్డాడు. కాలు విరిగి ఎముక బయటికొచ్చింది. ఊరివాళ్ళు నులకమంచం మీద రోడ్డుకు మోశారు, లారీలో బెజవాడ ఆస్పత్రికి చేర్చాం. నాలుగో రోజు ఆ కాలు మోకాలి దాకా తీసేశారు. అక్క వచ్చింది. నెల రోజులు మంచం పక్కనే ఉంది, నన్నొక్క మాటా అడగలేదు.

వెళ్ళదలచినవాళ్ళకు చెబుతున్నాను. పిక్కలు చూసి దారి ఎంచకండి, ఆ మనిషి ఏ నేల మీద నడక నేర్చాడో అడగండి. ఎక్కడానికి ఏ దారైనా సరే, దిగేటప్పుడు మాత్రం అందరూ కలిసి రాళ్ళదారినే దిగండి.

ఫిబ్రవరిలో వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళాను. కైకలూరు రైల్లో బావ నా చెవిలో అన్నాడు. "నీటెంబడి పోయానని లంకలో అనబాకరా. చేపలోడు నీళ్ళని నమ్మి చెడ్డాడంటే నవ్వుతారు."

గట్టు దగ్గర అతని దోనె కట్టి ఉంది. నేను గెడ అందుకోబోతే అక్క ఇవ్వలేదు. తనే నిలబడి తోసింది. తోస్తూనే అడిగింది. "ఏరా, ఆ వాగెంట దిగమని ఈయనకి ఎవురు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా, రాయి జారింది" అన్నాడు బావ గబగబా.

"నేనే అక్కా. ఊరొస్తుందా అని అడిగాడు, వస్తుందన్నాను."

గెడ ఆపి నా వైపు చూసింది. "సదువుకున్నోడివి గదా అని అడిగుంటాడు" అంది.