పిన్ని పెట్టని చుక్క

పిన్ని చివరిగా చేసిన మామూలు పని, బస్సు డ్రైవరు కాగితం మీద బలం దగ్గర పదకొండు చెరిపి పన్నెండు వెయ్యడం. రబ్బరు పొట్టు ఉఫ్‌మని ఊది, "ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుకో తమ్ముడూ" అంది. మర్నాడు తెల్లారేసరికి నిద్రలోనే పోయింది.

ఆవిడది కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ వెనకగదిలోనే బల్ల తుడిచి, పాచికలతో కథ ఆడించేది. ఆడేవాళ్లు ముగ్గురు: డ్రైవరు, ఒక లెక్కల టీచరు, పిన్నికి అక్క కూతురు. కథ పిన్ని చెబుతుంది. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. ఆ వేషానికి బలం, తెలివి, ధైర్యం ఎంతెంతో కాగితం మీద అంకెలుంటాయి. తలపెట్టిన పని అయిందో లేదో పాచిక తేలుస్తుంది.

ఆట పుస్తకం ప్రకారం శత్రువుని చంపితే అంకె పెరగాలి. పిన్ని ఒప్పుకోలేదు. "చంపితే పెరిగేది పొగరు, బలం కాదు" అని తనదే ఒక చట్టం పెట్టింది. మనసుపెట్టి ప్రయత్నించి ఓడితే ఒక చుక్క. ఎవరి చుక్క వాళ్లు పెట్టుకోకూడదు, చూసినవాళ్లే పెట్టాలి. పది చుక్కలకి ఒక అంకె. తొందరపడితే, "అద్దంలో పావు పాయింటు తేడాకే మనిషికి తల తిరుగుతుంది, అంకె పెంచడమంటే మాటలా!" అనేది. ఆ చట్టం పుణ్యమా అని ఆ బల్ల దగ్గర ఓడినవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. ఎంత బాగా ఓడాడో చూడడం అందరికీ అలవాటైంది.

అక్క కూతురిది వైద్యురాలి వేషం. నాలుగేళ్లలో ఆమె కాగితం మీద డ్రైవరు చుక్కలున్నాయి, టీచరు చుక్కలున్నాయి, పిన్నిది ఒక్కటీ లేదు. ఆ ఒక్కటి కోసమే ప్రతివారం రెండు బస్సులు మారి వచ్చేది.

ఆ ఆఖరి ఆదివారం మిగతా ఇద్దరూ కోటవైపు పరుగెత్తితే, ఆమె వైద్యురాలు గాయపడినవాణ్ణి వదల్లేక వంతెన మీద రాక్షసుడికి ఎదురు నిలిచింది. పాచిక మీద ఒకటి పడి, ఓడిపోయింది. పిన్ని పెన్సిలు తీసింది. తీసి, కోట తలుపు పగలగొట్టబోయి వెల్లకిలా పడ్డ డ్రైవరు యోధుడికి చుక్క పెట్టింది. అతనికది పదోది.

"తలుపుని గుద్దితే చుక్కా పిన్నీ? మరి నేనో?"

"చూశానే."

"చూస్తే సరిపోయిందా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. "పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదమ్మాయీ! వైద్యురాలివి, ఆమాత్రం తెలీదూ?" అంటూ ఆమెకి తనే ఒక చుక్క పెట్టాడు. ఆమె ముఖం మాడ్చుకుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

నెల తరవాత ఆ గది ఖాళీ చేస్తూ అడిగింది. "నిజం చెప్పండి మామయ్యా, నా ఆట పిన్నికి నచ్చేది కాదా?"

డ్రైవరు చేతిలో పెట్టె కింద పెట్టాడు. "మీ పిన్ని నీకు చెప్పలేదా? నువ్వు మొదటిసారి వచ్చినరోజు, అట్లా చేతులు కడుక్కోడానికి వెళ్లావో లేదో, మా ఇద్దరికీ చెప్పేసింది. దీని చుక్కలు మీరే చూసుకోండి, నేను మొదలుపెట్టానంటే నా పెన్సిలు ఆగదు అని."