వదిన జాబులో ఒక్క మాట

పోయిన వారం నా మనవరాలు కథపుస్తకం ఒకటి ముందర పెట్టుకోని కళ్ళు తుడుచుకుంటా ఉంటే, ఎవరికి ఏమయిందే అని గాబరాగా అడిగినాను. తిరుత్తణి నించి దినమూ రైలెక్కి తిరువళ్ళూరు కాలేజీకి పొయ్యే పిల్ల. తెలుగు నోటికి వస్తుందే గాని కంటికి రాదు, చదివేదంతా అరవమే. ఆ పుస్తకమూ అరవంలో ఈ కాలం వయసు పిల్లల కోసరం ఎవరో కొత్తగా రాసిందే. నేను విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తా ఉంటే పక్కన కూచోని, మళ్ళీ మొదటి నించి నాకు చదివి వినిపించింది.

ఒకే హాస్టల్లో ఉండే ఇద్దరు ఆడపిల్లల కథ. ఒకతె ఫోన్లో ఏదో రెండు ముక్కలు పంపితే, ఇంకొకతె దాన్ని వేరే విధంగా అనుకోని మాట్లాడేది మానేస్తుంది. ఇంక పుస్తకమంతా ఇద్దరూ కుమిలిపొయ్యేదే. చేతిలో ఫోను పెట్టుకోని, ఎందుకే అట్లంటివి అని ఒక్క మాట అడిగేదానికి ఏం రోగమే వాళ్ళకి, అని నేను నవ్వినాను.

"నీకేం తెలుసులే అవ్వా, నీ కాలంలో ఇట్లాంటివి యాడుండె!" అని అది మూతి తిప్పింది.

నవ్విన నాకే ఆ మాట ఎక్కడో తగిలింది.

నా ఈడు వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, మన చిన్నప్పుడు స్నేహితురాలని వేరే ఎవరు ఉండిరి? వదినో, చిన్నమ్మ కూతురో, వాళ్ళే అన్నీ. నాకు మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది పెద్ద గాబట్టి వదినా అనేదాన్ని. పళ్ళిపట్టు పక్కన మా పల్లెలో తెలుగు బడికి ఐదో క్లాసు దాకా కలిసి పోయినాము. నా పలక పగిలిపోతే ఏడాదంతా ఆమె పలకకి ఒక తట్టు ఆమె, ఇంకో తట్టు నేను రాసినాము. అయ్యవారు ఒకరి లెక్క దిద్దేలోపల ఇంకొకరి లెక్క ఆయన చేతికి అంటుకోని చెరిగిపొయ్యేది.

ఆమెను తామరైపాక్కంలో ఇచ్చినారు. ఆ ఇంట్లో అంతా అరవమే. మేనత్త అప్పటికే పోయినందున తొలి కాన్పు గూడా అత్తగారింట్లోనే. తల్లి లేని దానికి నేనన్నా తోడుండాలని, ఈ వారమే బయలుదేరేదా అని జాబు రాసి, మా అమ్మ దగ్గర కూచోని శొంఠి దంచి బాలింతకు లేహ్యం చేసి పెట్టుకోని ఉంటిని. జవాబు వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది, బాగుండాము, నువ్వు వచ్చేదానికి అవసరం లేదు, అని.

ఎన్ని సార్లు చదివినా అదే మాట. గొప్పింటికి పోయినాక నేను అక్కర్లేకపోతినే అని, లేహ్యం డబ్బాను అటక మీదికి తోసేసి, మళ్ళీ జాబే రాయలేదు. ఆమె గూడా రాయలేదు. నా పెండ్లికి ఆమె రాలేదు. అట్ల తొమ్మిదేండ్లు.

మా వాళ్ళ బిడ్డకి పుట్టెంటికలు తీసేదానికి తిరుత్తణి కొండకి పోయినప్పుడు, ఆమె ఒక తట్టు, నేను ఒక తట్టు, పలకరింపు లేకుండా మెట్లు దిగుతా ఉండాము. ఆమె కూతురు ముందర ముందర పరిగెత్తింది. వదిన భయపడి కేక పెట్టింది: "అవసరం లేదే తల్లీ, నిదానంగా దిగు!"

అప్పుడు తట్టింది నాకు. అరవంలో అవసరమంటే తొందర గదా! సంతలో నేనూ ఆ మాట అంటా ఉండేదాన్నే, అయినా తెలుగు అక్షరాలు కనబడితే మనసు తెలుగే చదివింది. తొందర లేదు, నీ వీలు చూసుకోని రా అని ఆమె రాస్తే, నువ్వు అక్కర్లేదని నేను చదువుకుంటిని.

అక్కడే మెట్ల మీద చెయ్యి పట్టుకోని చెప్పినాను. "నలభై దినాలూ వాకిలి తట్టే చూస్తా పండుకోనుంటినే, పాపిష్టిదానా!" అని వదిన నా వీపు మీద ఒకటి ఇచ్చి, నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది.

తర్వాత రాకపోకలు బాగానే జరిగినాయి. అయినా ఆ బాలింత దినాల్లో ఆమె పక్కన నేను లేనిది లేనిదే. ఆ పుస్తకంలో పిల్లలు బస్టాండులో రెండు పేజీల్లో కలిసిపోతారే, అక్కడే రాసినవాళ్ళు తొందరపడినారని నాకు తోచింది.

ఇదంతా చెప్తే నా మనవరాలు చెంపకి చెయ్యి పెట్టుకోని వినింది. విని, "అవసరం లేదంటే మెల్లిగా రా అనే గదా అవ్వా, దానికి నువ్వెందుకు కోపం చేసుకుంటివి?" అని అడిగింది.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. దానికి ఆ మాటకి ఉండేది ఒకే అర్థం. మా ఇద్దరినీ అన్నేండ్లు విడదీసిన ఆ రెండో అర్థం, తెలుగు అర్థం, ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నేను చేసిన తప్పు ఇంక ఇక్కడ ఎవరూ చెయ్యలేరు. దానికి నేను సంతోషపడాల్నో లేదో, ఇప్పటికీ తెలియడం లేదు.